ఎస్ఎల్-1200: 50 ఏళ్లు దాటినా క్రేజ్ తగ్గని డీజే టర్న్‌టేబుల్.. ఇప్పుడు కొంటే వర్తేనా? కొనే ముందు ఇవి తెలుసుకోండి

రీల్స్‌లో ఈ సీన్ మీరు చూసే ఉంటారు. టేబుల్ మీద రెండు గుండ్రటి పళ్లేలు, వాటిపై నల్లటి రికార్డులు, మధ్యలో చిన్న మిక్సర్. డీజే ఒక చేత్తో రికార్డును ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటాడు, ఇంకో చేత్తో మిక్సర్ మీటను కదుపుతుంటాడు. "వికీ వికీ" మంటూ స్క్రాచ్ సౌండ్. కెమెరా దగ్గరికెళితే ఆ మెషీన్ మీద కనిపించే పేరు చాలాసార్లు ఒక్కటే.. టెక్నిక్స్. మోడల్ నంబర్ ఎస్ఎల్-1200, లేదంటే దాని నలుపు రంగు తమ్ముడు ఎస్ఎల్-1210.

ఈ మెషీన్ మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది 1972లో. పాటలన్నీ ఫోన్లోనే దొరుకుతున్న ఈ రోజుల్లో కూడా కొత్తవి తయారవుతున్నాయి, జనం కొంటున్నారు. డీజే అవ్వాలనుకునే కుర్రాళ్లకు ఇదో కల. కానీ రెండు మెషీన్లు, మిక్సర్, ముల్లులు అన్నీ కలిపితే లక్షల్లో వ్యవహారం. ఇంట్లోవాళ్లను ఒప్పించి, ఈఎంఐ పెట్టి కొన్నాక "అయ్యో, ఇది మనకు పనికొచ్చేది కాదే" అనిపిస్తే? అందుకే అసలు ఇదేంటి, ఎందుకింత పేరు, ఎవరికి ఉపయోగం, ఎవరికి దండగ.. వివరంగా చూద్దాం.

ముందు ఒక క్లారిటీ

మన దగ్గర ‘డీజే’ అనే మాటకు అర్థం కొంచెం మారిపోయింది. పెళ్లి బరాత్‌కు డీజే పెట్టించాం, నిమజ్జనానికి డీజే తెప్పించాం అంటే.. వ్యాన్ మీద పేర్చిన స్పీకర్లూ, లైట్లూ అనే అర్థం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు కూడా వాళ్లు ఆపింది ఆ సౌండ్ సిస్టమ్‌లనే. అసలు అర్థంలో డీజే అంటే డిస్క్ జాకీ. అంటే డిస్క్‌ను.. రికార్డును.. ఆడించే మనిషి. ఎస్ఎల్-1200 ఆ మనిషి చేతి కింద ఉండే వాయిద్యం. ఈ తేడా ఇప్పుడే ఎందుకు చెబుతున్నామంటే, కొనాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఫ్యాన్‌కు బెల్టు ఉంటుందా?

పాత కుట్టుమిషన్ గుర్తుందా? కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, రెంటికీ మధ్య తోలు బెల్టు. బెల్టు వదులైతే చక్రం జారుతుంది, కుట్టు ఆగుతుంది. ఒకప్పటి రికార్డ్ ప్లేయర్లు చాలావరకు ఇలాగే ఉండేవి. మోటారు ఒక పక్క, రికార్డు తిరిగే పళ్లెం ఇంకో పక్క, మధ్యలో రబ్బరు బెల్టు లేదా రబ్బరు చక్రం. ఇంట్లో కూర్చుని పాట వినడానికి ఇబ్బందేమీ లేదు. కానీ తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపి, వెనక్కి లాగి వదిలితే? బెల్టు జారుతుంది, సాగుతుంది. పాట మళ్లీ సరైన స్పీడ్ అందుకోవడానికి టైమ్ పడుతుంది.

జపాన్‌కు చెందిన మత్సుషితా ఎలక్ట్రిక్ (ఇప్పటి పానసోనిక్) ఇంజినీర్ షుయిచి ఒబాటా బృందం ఈ బెల్టునే తీసిపారేసింది. మన సీలింగ్ ఫ్యాన్‌లో మోటారుకే రెక్కలు బిగించినట్టు, పళ్లేన్ని నేరుగా మోటారు మీదే కూర్చోబెట్టారు. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు. ఆ పద్ధతిలో మొదట వచ్చింది ఎస్పీ-10. రేడియో స్టేషన్ల లాంటి ప్రొఫెషనల్ చోట్ల వాడేంత ఖరీదైన సరుకది. దాని తర్వాత ఇళ్లలో వాడుకునే వాళ్ల కోసం 1972లో వచ్చిందే ఎస్ఎల్-1200.

అవును, ఇళ్లలో వాడుకునే వాళ్ల కోసమే. డీజేల కోసం చేసింది కాదు. సోఫాలో కూర్చుని సంగీతం వినే పెద్దమనుషుల కోసం చేసిన మెషీన్‌ను డీజేలు లాగేసుకున్నారు!

బ్రాంక్స్ కుర్రాళ్లు ఏం చేశారంటే..

1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ఏరియా, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. ఆ అపార్ట్‌మెంట్ హాల్లో జరిగిన ఓ పార్టీని హిప్-హాప్ పుట్టినరోజుగా ఇప్పటికీ జరుపుకుంటారు. పార్టీ పెట్టింది ఓ అమ్మాయి, పాటలు వేసింది జమైకా నుంచి వచ్చిన ఆమె అన్నయ్య డీజే కూల్ హెర్క్. అతను గమనించింది చాలా సింపుల్ విషయం. పాట మొత్తానికి జనం ఒకేలా ఊగరు. మధ్యలో గొంతు ఆగిపోయి, డ్రమ్స్ మాత్రమే వాయించే కొన్ని సెకన్లు వస్తాయి చూడండి, అప్పుడే ఫ్లోర్ మీదికి దూకుతారు. మరి ఆ కొన్ని సెకన్లనే సాగదీస్తే? ఒకే రికార్డు కాపీలు రెండు తీసుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే ఇంకోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టడం.. ఇదీ ఐడియా.

ఆ తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దీన్ని లెక్క ప్రకారం చేశాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఏ చుట్టు దగ్గర డ్రమ్స్ మొదలవుతాయో గడియారం ముల్లులా గుర్తుపెట్టుకున్నాడు. రికార్డును వెనక్కి తిప్పేటప్పుడు వచ్చే గీకుడు సౌండ్‌నే సంగీతంగా మార్చిన ఘనత గ్రాండ్ విజార్డ్ థియోడోర్‌కు ఇస్తారు. 1970ల మధ్యలో మొదలైన ఆ గీకుడే స్క్రాచింగ్.

ఇలాంటి ఆటలకు బెల్టు మెషీన్లు తట్టుకోలేవు. ఎస్ఎల్-1200 తట్టుకుంది. పళ్లేనికీ రికార్డుకూ మధ్య స్లిప్‌మ్యాట్ అనే పల్చటి గుడ్డ వేస్తారు. డీజే రికార్డును పట్టుకున్నా కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. వదలగానే రికార్డు వెంటనే స్పీడ్ అందుకుంటుంది. ఆగి ఉన్న పళ్లెం నిమిషానికి 33⅓ చుట్ల స్పీడుకు చేరడానికి పట్టేది 0.7 సెకన్లు. కన్ను మూసి తెరిచేలోపన్నమాట. బరువైన బాడీ, కింద రబ్బరు పాదాలు ఉండటంతో పక్కన జనం గెంతుతున్నా ముల్లు అంత తేలిగ్గా చెదరదు. ఈ జంట మెషీన్లకు ‘వీల్స్ ఆఫ్ స్టీల్’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. నిజానికి పళ్లెం అల్యూమినియందే, స్టీల్ కాదు. ముద్దుపేర్లకు లెక్కలేం ఉంటాయి లెండి.

కంపెనీ కూడా విషయం గ్రహించింది. 1979లో వచ్చిన ఎంకే2 మోడల్‌లో స్పీడ్ మార్చే చిన్న గుండీలు తీసేసి, పొడవైన స్లైడర్ పెట్టింది. గడియారాల్లో వాడే క్వార్ట్జ్‌తో స్పీడ్‌ను లాక్ చేసింది. ఈ రోజుకీ డీజేలు ‘టెక్నిక్స్’ అంటే మనసులో మెదిలేది ఈ ఎంకే2 రూపమే. తర్వాత వచ్చిన ఎంకే3, ఎంకే5, ఎంకే6 అన్నీ దాని మీద చిన్న చిన్న మార్పులే.

ఆ స్లైడర్‌ను పిచ్ ఫేడర్ అంటారు. దీని పని అర్థమైతే డీజే పని సగం అర్థమైనట్టే. స్లైడర్‌ను కిందికి జరిపితే స్పీడ్ 8 శాతం వరకు పెరుగుతుంది, పైకి నెడితే 8 శాతం వరకు తగ్గుతుంది. నిమిషానికి 100 బీట్లున్న పాటను 108 వరకు తీసుకెళ్లొచ్చు, లేదా 92కు దించొచ్చు. నడుస్తున్న పాట 104లో, రాబోయే పాట 100లో ఉందనుకోండి. రెండో మెషీన్‌ను 4 శాతం పెంచి, రెండు డ్రమ్ములూ ఒకే అడుగు వేసేలా చెవితో కలపాలి. కంప్యూటర్ స్క్రీన్ ఏదీ చెప్పదు. ఇంకో మెలిక ఏంటంటే, స్పీడ్‌తో పాటు శ్రుతి కూడా మారుతుంది. 6 శాతం పెంచితే దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అందుకే బాగా లాగితే గాయకుడి గొంతు కాస్త చిన్నపిల్లాడి గొంతులా వినిపిస్తుంది.

2010లో కథ కంచికి.. 2016లో మళ్లీ మొదలు

2001లో పయనీర్ కంపెనీ సీడీజే-1000 తెచ్చింది. సీడీ వేసి, పైనున్న చక్రాన్ని రికార్డులా తిప్పుతూ ఆడించొచ్చు. క్లబ్బులు మెల్లగా అటు మళ్లాయి. 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇది ఇంకా తమాషా. ప్రత్యేకమైన రికార్డు ఒకటి ఇస్తారు, దాని మీద పాట ఉండదు. కంప్యూటర్‌కు అర్థమయ్యే ఒక సిగ్నల్ ఉంటుంది. టర్న్‌టేబుల్ మీద ఆ రికార్డును ఎటు తిప్పితే ల్యాప్‌టాప్‌లోని పాట అటు తిరుగుతుంది. మూటలకొద్దీ రికార్డులు మోయక్కర్లేదు. ఒక రకంగా టర్న్‌టేబుల్‌కు ఇది కొత్త ఊపిరి పోసింది. అయినా 2010లో పానసోనిక్ ఎస్ఎల్-1200 తయారీ ఆపేసింది. గిరాకీ తగ్గిందనీ, విడిభాగాలు దొరకడం కష్టమైందనీ కారణాలు చెప్పింది. అప్పటికి ఈ సిరీస్‌లో 35 లక్షలకు పైగా మెషీన్లు అమ్ముడయ్యాయని కంపెనీ లెక్క.

ఇక్కడే ట్విస్ట్. రికార్డులు చచ్చిపోయాయనుకుంటే, మళ్లీ లేచాయి. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడైతే, సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత సీడీని రికార్డు దాటడం అదే మొదటిసారి. ఈ గాలి ముందే పసిగట్టిన టెక్నిక్స్, 2016లో ఎస్ఎల్-1200ను తిరిగి తెచ్చింది. ఈ రీఎంట్రీకి నాయకత్వం వహించిన మిచికో ఒగావా స్వయంగా జాజ్ పియానిస్ట్. కానీ ధర విని డీజేలు నోరెళ్లబెట్టారు. ఏకంగా 4,000 డాలర్లు! పాత అచ్చులు చాలావరకు పోవడంతో అన్నీ కొత్తగా డిజైన్ చేయాల్సి వచ్చింది, మోటారు కూడా కొత్తదే. అది డీజేల కోసం కాదు, మళ్లీ ఆ సోఫా పెద్దమనుషుల కోసమే. ఆ మరుసటి ఏడాది జీఆర్ మోడల్ దాదాపు 1,700 డాలర్లకు వచ్చింది. చివరికి 2019లో డీజేల కోసమే ఎంకే7 విడుదల చేశారు. అప్పట్లో అమెరికాలో ధర సుమారు వెయ్యి డాలర్లు. ఈ మోడల్ మలేషియాలో తయారవుతోంది.

కాబట్టి ఇప్పుడు కొత్తది కొనాలనుకునే డీజేకి దారి ఎంకే7. పాతది కొనాలనుకుంటే ఎంకే2 నుంచి ఎంకే5 వరకు ఏదైనా.

పెళ్లిళ్లకు, ఈవెంట్లకు డీజే అవుదామనుకుంటే..

సూటిగా చెప్పాలంటే, వద్దు.

సంగీత్ ఫంక్షన్లో స్టేజీ మీదున్న డీజేను గమనించండి. ల్యాప్‌టాప్, దానికో కంట్రోలర్.. లేదంటే పెన్‌డ్రైవ్ పెట్టుకునే పెద్ద ప్లేయర్లు. "బ్రో, ఆ పాట వెయ్" అని ఎవరైనా అడిగితే పది సెకన్లలో వెతికి వేయాలి. మన కొత్త సినిమా పాటలు రికార్డుల మీద దొరకడం అరుదు. పైగా ముల్లుతో పనిచేసే మెషీన్‌కు బాస్ అంటే పడదు. పెద్ద సబ్‌ వూఫర్ల ముందు పెడితే ఆ అదురు టేబుల్‌లోంచి ముల్లులోకి, ముల్లులోంచి మళ్లీ స్పీకర్‌లోకి వెళ్లి ‘గుయ్‌’మని హోరు మొదలవుతుంది. ఇక కదిలే వ్యాన్ మీద పెట్టి రికార్డు ఆడిస్తానంటే.. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే షో క్లోజ్!

క్లబ్బుల సంగతీ అంతే. ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా పెద్ద క్లబ్బుల్లో సీడీజే-3000 లాంటి ప్లేయర్లదే రాజ్యం. వాటిని క్లబ్ వాళ్లే పెడతారు. మీరు పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్తే చాలు. టర్న్‌టేబుల్ కావాలంటే ముందే చెప్పాలి, తెప్పించాలి, వాళ్లు ఒప్పుకోవాలి. నేర్చుకునే దశలో ఉన్నవాళ్లకు పయనీర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 తరహా చిన్న కంట్రోలర్లు చాలు. ఒక్క ఎంకే7 పెట్టే డబ్బుల్లో ఇలాంటివి రెండు మూడు వస్తాయి. ఏడాది పాటు దాని మీద చెయ్యి తిరిగాక కూడా రికార్డు మీద మోజు తగ్గకపోతే అప్పుడు చూడొచ్చు.

"టర్న్‌టేబుల్ మీద నేర్చుకుంటేనే అసలైన డీజే" అనే మాట కూడా వింటుంటాం. ఇందులో కొంత నిజముంది. స్క్రీన్ లేకుండా చెవితో బీట్ కలపడం వచ్చినవాడికి ఏ మెషీన్ ఇచ్చినా ఇబ్బంది ఉండదు. కానీ చెవిని అలా సాధన చేయించడానికి లక్షలు పెట్టక్కర్లేదు. కంట్రోలర్‌లో ‘సింక్’ బటన్ ముట్టుకోకుండా, స్క్రీన్ మీద ఏదైనా కాగితం అడ్డం పెట్టుకుని ప్రాక్టీస్ చేసినా అదే పని జరుగుతుంది. ఫ్రీగా!

మరి ఎవరికి వర్త్?

స్క్రాచ్ చేయాలనుకునే వాళ్లకు. ఇందులో రెండో మాట లేదు. చేతి కింద నిజంగా తిరిగే పళ్లెం, దాని మీద జారే రికార్డు, వేలి చివర తగిలే ఆ పట్టు.. చిన్న ప్లాస్టిక్ చక్రాల మీద రావు. 1985లో మొదలైన డీఎంసీ ప్రపంచ డీజే పోటీల్లో గెలిచినవాళ్లకు బంగారు పూత పూసిన టెక్నిక్స్ మెషీన్లు ఇచ్చేవారంటే, ఈ కళకూ ఆ మెషీన్‌కూ ఉన్న బంధం అర్థం చేసుకోవచ్చు. తెలుగు పాటల మీద స్క్రాచ్ చేయాలన్నా దారి ఉంది. పైన చెప్పిన సిగ్నల్ రికార్డులు రెండు, ల్యాప్‌టాప్, దానికి తగిన మిక్సర్ ఉంటే ఏ పాటనైనా రికార్డులా ఆడించొచ్చు.

అయితే స్క్రాచ్ కోసం టెక్నిక్సే కొనాలా? ఇక్కడ మా అభిప్రాయం కొంచెం వేరు. 2014లో పయనీర్ పీఎల్ఎక్స్-1000 వచ్చింది. రీలూప్ కంపెనీకి ఆర్పీ సిరీస్ ఉంది. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్పీ140 ఉంది. ఇవన్నీ ఎస్ఎల్-1200 రూపురేఖల్ని దాదాపు అచ్చుగుద్దినవే, ధర తక్కువ, మోటారు బలం కొన్నింటిలో పాత టెక్నిక్స్ కంటే ఎక్కువే. ఇంట్లో ప్రాక్టీస్ చేసుకునే కుర్రాడికి వీటితో లోటేమీ ఉండదు. టెక్నిక్స్‌కు ఎక్కువ పెట్టేది దాని ఆయుష్షు కోసం, మళ్లీ అమ్మినప్పుడు వచ్చే రేటు కోసం. 1980ల్లో తయారైన ఎంకే2లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పదేళ్లు వాడిన కంట్రోలర్‌ను ఎవరూ అడగరు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఆగిపోతే అది అటక మీదికే. పదేళ్లు వాడిన టెక్నిక్స్‌ను మాత్రం బేరమాడి మరీ కొనుక్కుంటారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెకూ ప్లాస్టిక్ బిందెకూ ఉన్న తేడా ఇది.

ఇంకో రకం జనం ఉన్నారు. తాతగారి కాలం నాటి రికార్డులు ఇంట్లో ఉన్నాయి, వాటిని మళ్లీ వినాలి అనుకునేవాళ్లు. ఘంటసాల పాటల ఎల్పీలు, పాత సినిమాల చిన్న రికార్డులు బీరువా అడుగున ఉండే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కేవలం వినడానికైతే ఎస్ఎల్-1200 అవసరం లేదు. దాని ధరలో చాలా తక్కువకే మంచి బెల్టు ప్లేయర్ వస్తుంది, వినడానికి హాయిగా ఉంటుంది. కాకపోతే ఒక జాగ్రత్త. ఎల్పీల కంటే ముందు తరంవి, లక్కతో చేసిన బరువైన ‘ప్లేట్లు’ నిమిషానికి 78 చుట్లు తిరగాలి. పాత ఎంకే2లో 78 స్పీడ్ లేదు. కొత్త ఎంకే7, జీఆర్ మోడళ్లలో ఉంది. ఎంకే7లో 33, 45 బటన్లు రెండూ ఒకేసారి నొక్కితే 78 వస్తుంది. స్పీడ్ ఉంది కదా అని ఎల్పీ ముల్లుతోనే వాటిని ఆడించకండి. ఆ ప్లేట్ల గాడి వెడల్పుగా ఉంటుంది. సన్నటి ముల్లు గాడి అడుక్కి జారిపోయి గరగర తప్ప ఏమీ వినిపించదు, ముల్లూ పాడవుతుంది. 78కి వేరే ముల్లు అమ్ముతారు, అదే వాడాలి.

పెట్టె మీద రాయని ఖర్చులు

ఎంకే7 పెట్టె విప్పగానే చాలామంది షాకయ్యేది ఇక్కడే. అందులో ముల్లు ఉండదు! ముల్లు బిగించే హెడ్‌షెల్ ఇస్తారు కానీ, ముల్లుతో ఉండే కార్ట్‌రిడ్జ్ విడిగా కొనుక్కోవాలి. ఒకప్పుడు స్క్రాచ్ డీజేలకు ప్రాణమైన షూర్ ఎం44-7 ఇప్పుడు తయారు కావట్లేదు. 2018లో షూర్ ఈ వ్యాపారం నుంచే తప్పుకుంది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఆర్టోఫోన్ కాంకర్డ్ రకం. ముల్లు శాశ్వతం కాదు, కొన్ని వందల గంటలు ఆడాక అరుగుతుంది. అరిగిన ముల్లు రికార్డును కూడా గీకేస్తుంది, అందుకే అది టైర్ లాంటిది అనుకుని బడ్జెట్‌లో పక్కన పెట్టుకోవాల్సిందే.

టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. నేరుగా బ్లూటూత్ స్పీకర్‌కో, హోమ్ థియేటర్ మామూలు ఇన్‌పుట్‌కో గుచ్చితే చెవి పెట్టి వినాల్సిందే. మధ్యలో ఫోనో ప్రీయాంప్ ఉండాలి. డీజే మిక్సర్లలో ఇది సాధారణంగా ఉంటుంది. ఎంకే7లో లేదు.

మిక్సింగ్ చేయాలంటే ఒక మెషీన్ చాలదు, రెండు కావాలి. విడుదలైనప్పటి అమెరికా ధరతోనే లెక్కేసినా రెండు ఎంకే7లకు సుమారు 2,000 డాలర్లు. మన రూపాయల్లో లక్షన్నర దాటుతుంది. మిక్సర్, రెండు కార్ట్‌రిడ్జ్‌లు, సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్స్ ఇంకా కలపలేదు. దిగుమతి పన్నులూ కలపలేదు. స్క్రాచ్ మాత్రమే నేర్చుకునేవాళ్లకు కొంత ఊరట, ఒక్క టర్న్‌టేబుల్‌తో మొదలుపెట్టొచ్చు.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటున్నారా? చేతిలో ఓ రికార్డు పట్టుకెళ్లండి

సెకండ్ హ్యాండ్ ఎంకే2 మంచి బేరమే, చూసి కొంటే. పవర్ ఆన్ చేయగానే పళ్లెం పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది, అది పళ్లెం అంచున ఉన్న చుక్కల మీద పడుతుంది. నాలుగు వరుసల చుక్కలు డిజైన్ కోసం పెట్టినవి కావు. పిచ్ సున్నా దగ్గర ఉన్నప్పుడు పెద్ద చుక్కల వరుస కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. అవి ముందుకో వెనక్కో పాకుతున్నాయంటే స్పీడ్ తేడాగా ఉంది. మిగతా వరుసలు ప్లస్ 6, ప్లస్ 3.3, మైనస్ 3.3 శాతం స్పీడ్లకు. స్లైడర్‌ను మెల్లగా జరుపుతూ ఆ వరుసలు కూడా వాటి వాటి చోట్ల నిలుస్తున్నాయో లేదో చూడండి. సున్నాకు అటూ ఇటూ జరిపినప్పుడు స్పీడ్ సాఫీగా మారాలి, ఎగిరి దూకకూడదు. పాత మెషీన్లలో దుమ్ము పట్టి ముందుగా మొరాయించేది ఈ స్లైడరే.

తర్వాత ముల్లు ఉండే చెయ్యి, అంటే టోన్‌ఆర్మ్. రెండు వేళ్లతో సుతారంగా పట్టుకుని పైకీ పక్కకీ కదపండి. కీళ్ల దగ్గర లొటలొట ఊగితే వదిలేయడం మంచిది, రిపేర్ ఖరీదు. అమ్మేవాళ్లు దీన్ని చూపించరు, మీరే అడగాలి. రికార్డు వేసి రెండు స్పీకర్లలోనూ సౌండ్ వస్తోందా వినండి. ఒకవైపు రాకపోతే భయపడక్కర్లేదు, చాలాసార్లు వెనక వైరో, హెడ్‌షెల్ కాంటాక్టో కారణం. సోల్డరింగ్ తెలిసిన మెకానిక్ చేసేస్తాడు. అసలు ఆన్ అవ్వట్లేదనో, పళ్లెం తనంతట తానే జోరందుకుంటోందనో అంటే మాత్రం ఆలోచించాలి. పాత మోడళ్లలో మోటారును నడిపే ఐసీలు ఇప్పుడు కొత్తగా తయారుకావట్లేదు.

అమెరికా నుంచి తెప్పించుకుంటే?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందాం అనే ఆలోచన మన ఇళ్లలో సహజం. అక్కడ పాత ఎంకే2లు తేలిగ్గా దొరుకుతాయి కూడా. కానీ అమెరికా మెషీన్లు 120 వోల్టులకు, జపాన్‌వి 100 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఏ మోడలైనా వెనక రాసిన వోల్టేజ్ ఫొటో తీసి పంపమని ముందే అడగండి.

బరువు సంగతి కూడా ఆలోచించాలి. ఒక్కో మెషీన్ పది కిలోల చుట్టుపక్కల, పాతవైతే ఇంకాస్త ఎక్కువే. 23 కిలోల సూట్‌కేసులో ఒకటి పెడితే సగం బరువు దానికే పోతుంది. ఆవకాయ జాడీలు ఇటు నుంచి అటే కాబట్టి పర్లేదు లెండి! ప్యాకింగ్ మాత్రం దగ్గరుండి చెప్పాలి. పళ్లేన్ని పైకి లాగి తీసేసి విడిగా చుట్టాలి. దాన్ని అలాగే వదిలేస్తే దారిలో ఎగిరెగిరి మధ్య ఇరుసును దెబ్బతీస్తుంది. టోన్‌ఆర్మ్ వెనక ఉండే గుండ్రటి బరువును విప్పాలి, ముందున్న హెడ్‌షెల్ ఊడదీయాలి, టోన్‌ఆర్మ్‌ను దాని క్లిప్పులో పెట్టి మెత్తటి తీగతో కట్టాలి. పైనున్న ప్లాస్టిక్ మూతను తీసి వేరే పెట్టాలి, పగిలే వస్తువుల్లో మొదటిది అదే. పళ్లెం తీసినప్పుడు దాని అడుగున కనిపించే అయస్కాంతానికి స్టేపుల్ పిన్నులు, ఇనుప రజను అంటుకోకుండా ఓ కవరు చుట్టమని చెప్పండి.